తలా ఒక గుప్పెడు

ఆ ఫార్మ్‌కి వచ్చిన నాలుగు వారాల్లో హాసిని కొలవకుండా వదిలిపెట్టింది ఏదీ లేదు. గడ్డి ఎత్తు కొలిచింది. పేడ ఎరువు కుప్పలో వేడి కొలిచింది. ఏ ఆవు రోజుకి ఎన్నిసార్లు నీళ్లు తాగుతుందో తెలుసుకోవడానికి రెండు రోజులు తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వెటర్నరీ కాలేజీలో మూడో సంవత్సరం పూర్తయిన పిల్ల. వేసవిలో ఆరు వారాలు ఒక ఫార్మ్‌లో ఉండి, ఆ ఫార్మ్ పదేళ్లపాటు నేలని పాడుచేయకుండా, పశువుల్ని పాడుచేయకుండా, తన కాళ్ల మీద తను ఎలా నిలబడాలో ఒక ప్లాన్ రాసి ఇవ్వాలి. ఎంత నేలకి ఎన్ని ఆవులు, చలికాలానికి ఎంత ఎండుగడ్డి, పేడ ఎక్కడికి పోవాలి, చచ్చిపోయిన పశువు ఎక్కడికి పోవాలి, అన్నీ అందులో ఉండాలి. కాలేజీ వాళ్లు మిషిగన్‌లో ఇరవై ఫార్మ్‌ల పేర్లు ఇచ్చారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగిన హాసిని, ఇంటికి ముప్పావు గంట దూరమేనని, పైగా పప్పు, అన్నం దొరుకుతాయని రాధారాణి ఫార్మ్‌ని ఎంచుకుంది. రెండో కారణం కాలేజీకి చెప్పలేదు.

రాధారాణి ఇరవై రెండేళ్లు కార్ల కంపెనీలో డేటాబేస్‌లు చూసి, ఒక శుక్రవారం ల్యాప్‌టాప్ తిరిగిచ్చేసి, ముప్పై ఎకరాల నేల మీదికి వచ్చిపడిన మనిషి. పద్నాలుగు జెర్సీ ఆవులు. దాణా అనే మాట గేటు లోపలికి రానివ్వదు. ఎండాకాలం పచ్చగడ్డి, చలికాలం ఎండుగడ్డి, అంతే. పొలాన్ని కరెంటు తీగతో ముక్కలుగా విడదీసి, రోజూ పొద్దున ఆవుల్ని ఒక కొత్త ముక్కలోకి వదులుతుంది. మేసిన ముక్కలోకి మళ్లీ నెలదాకా అడుగు పెట్టనివ్వదు. గడ్డి వేళ్లు కోలుకోవాలిగా. ఆమె వచ్చిన కొత్తలో వానకి బురద కారిపోయిన నేల ఇప్పుడు వాన నీటిని అక్కడికక్కడే తాగేస్తోంది. హాసిని దాన్ని కూడా కొలిచింది.

ఈ ఏర్పాటంతా నడిచేది గౌరి వల్ల. గౌరి తొమ్మిదేళ్ల ఆవు. తీగ జరగ్గానే అది ముందు నడిచేది, మిగతా పదమూడూ దాని వెనక వరుసకట్టేవి. కుక్కతో పనిలేదు, కర్రతో పనిలేదు.

గౌరికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. డిట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లెవరు కొత్త ఇల్లు కొన్నా, ముందు ఆవు గడప దాటాలి. ఆ ఆవు గౌరే కావాలి, ఎందుకంటే మిగతావి గ్యారేజీ తలుపు కదిలితేనే బెదిరి రోడ్డెక్కుతాయి. గౌరి అలా కాదు. నిగనిగలాడే చెక్క నేల మీద పరిచిన టార్పాలిన్ మీద, బ్లూటూత్ స్పీకర్‌లో సన్నాయి మోగుతుంటే, తనకోసమే ఇల్లు కట్టారన్నంత నిదానంగా నడిచి వెళ్లి, ఫొటోలకి నిలబడి, నడిచి వచ్చేది. ఏప్రిల్ నుంచి ఎనిమిది ఇళ్లు అయ్యాయి.

ఆ ఎనిమిది ఇళ్ల సంగతి హాసినికి పాల లెక్కల్లో కనబడింది. గౌరి శనివారం గృహప్రవేశానికి వెళితే ఆదివారం, సోమవారం పాలు సగానికి పడిపోతున్నాయి. పేడ నీళ్లలా అవుతోంది. వెళ్లని వారం ఏ గొడవా లేదు. లెక్క ఫోన్‌లో గీతలు గీసి మరీ రాధారాణికి చూపించింది.

“ట్రైలర్‌లో కుదుపులమ్మా. స్ట్రెస్ అవుతుంది దానికి,” అంది రాధారాణి.

“ట్రైలర్ కాదు ఆంటీ. లాస్ట్ వీక్ గిట్టలు ట్రిమ్ చేయించడానికి ట్రైలర్‌లోనే తీసుకెళ్లాం కదా. అప్పుడు ఏం అవలేదు. ఇది ఫీడింగ్. అక్కడ వాళ్లు ఏదో పెడుతున్నారు.”

రాధారాణి చేతి తొడుగులు తీసి మోకాలికేసి దులిపింది.

“ఏదో ఏంటి, బియ్యం, బెల్లం, అరటిపళ్లు. నాకు తెలీక కాదు. ఓసారి వద్దన్నాను. ‘గోవుకి పెడుతుంటే అడ్డుపడుతుందేంటి ఈవిడ’ అని వెనకాల అన్నారు. మళ్లీ నోరెత్తలేదు. నువ్వు డాక్టర్‌వి అవుతున్న పిల్లవి, నువ్వు చెప్తే వింటారు. వచ్చే శనివారం జితేందర్ వాళ్ల గృహప్రవేశం. నువ్వే తీసుకెళ్లు. పూజలో ఒక అరటిపండు, అంతే. అంతకుమించి ఒక్క గింజ కూడా వద్దని గట్టిగా చెప్పు.”

“ష్యూర్ ఆంటీ. నేను చెప్తా.”

చెప్పడానికి కావలసిందంతా హాసిని దగ్గర ఉంది. ఆవు మొదటి పొట్టలో గడ్డిని అరగదీసే సూక్ష్మజీవులు కోట్లు ఉంటాయి. గడ్డికి అలవాటుపడ్డ ఆ పొట్టలో ఒక్కసారిగా గింజలు, తీపి వచ్చిపడితే అవి పులిసి, పొట్ట యాసిడ్ తొట్టి అయిపోతుంది. కొత్త మేత ఏదైనా రెండు వారాలు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ఈ ముక్క తన ప్లాన్‌లో ఎర్రగీత గీసి మరీ రాసుకుంది. అయితే ప్లాన్‌లో రాసేటప్పుడు ఎదురుగా నలభైమంది ఉండరు.

శనివారం పొద్దున కోసిన గడ్డి పొలంలో ఆరుతోంది. ఆదివారం వాన అన్నారు. కట్టలు కట్టే మిషన్ ఆ రోజే వస్తోంది కాబట్టి రాధారాణి కదలడానికి లేదు. హాసిని గౌరిని ట్రైలర్‌లోకి ఎక్కించి, ఒక్కతే నడుపుకుంటూ వెళ్లింది.

జితేందర్ ఇల్లంతా అప్పటికే జనం. ఇరవై ఏళ్లు అపార్ట్‌మెంట్లలో గడిపిన సంసారం, గ్రీన్‌కార్డ్ వచ్చాక గాని ఇల్లు కొననని ఒట్టుపెట్టుకున్న మనిషి. ఆ రోజు అతని కాళ్లు నేల మీద నిలవడం లేదు. అతని భార్య విద్య, హాసినికి ఏడేళ్లప్పుడు మంగళ, గురువారాలు స్విమ్మింగ్ క్లాస్‌కి దింపిన ఆంటీ. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని డ్రైవ్‌వే దాకా పరుగెత్తుకొచ్చి, రెండో చేత్తో హాసినిని కావలించుకుంది.

“ఏం డాక్టరమ్మా!” అన్నాడు జితేందర్. “కుక్కలకు సూదులేసే డాక్టర్ అనుకున్నం, సీదా మా ఇంటికి లక్ష్మీదేవిని తోల్కొచ్చినవ్!”

“అంకుల్, గౌరి ఫుడ్ గురించి ఒక విషయం...”

“అన్నీ ఉన్నయమ్మా. నువ్వేం ఫికర్ పెట్టుకోకు. ముహూర్తం టైమైతాంది, ముందు లోపలికి పట్టుకురా.”

పూజ అయ్యాక చెబుదామనుకుంది హాసిని. గౌరి గడప దాటింది. హాలులో ఒక చుట్టు తిరిగింది. టార్పాలిన్ మీదే పేడ వేస్తే పెద్దవాళ్లంతా శుభం అని చప్పట్లు కొట్టారు. బయట గ్యారేజీలోకి తీసుకొచ్చి కట్టేశాక, విద్య లోపలినుంచి చంటిపిల్లకి స్నానం చేయించేంత స్టీలు బేసిన్ మోసుకొచ్చింది. నానబెట్టిన బియ్యం, తురిమిన బెల్లం. పక్కన గోధుమపిండి ముద్దలు, అరటి గెల.

“ఆంటీ, యాక్చువల్లీ...” అంది హాసిని.

“మొదటి గుప్పెడు నువ్వే పెట్టమ్మా,” అంది విద్య. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. “నా చేతుల్లో పెరిగిన పిల్లవి. డాక్టర్ చేత్తో పెడితే ఆవుకీ మంచిది, ఇంటికీ మంచిది.”

ఫోన్లు పైకి లేచాయి. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. హాసిని ఇంగ్లిష్‌లో అయితే ఒక్క వాక్యంలో అనేసేది. తెలుగులో, అదీ పట్టుచీరల మధ్య, వద్దు అనే మాట మర్యాదగా ఎలా అనాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే అనేదా అంటే, అదీ అనుమానమే. హాసిని గుప్పెడు బియ్యం తీసుకుని గౌరి నోటి దగ్గర పెట్టింది. గౌరి నాకేసింది.

తను పెట్టాక ఇంకెవర్ని వద్దంటుంది? వరుస కట్టారు. పిల్లలు, పెద్దలు, ఆఫీసు స్నేహితులు, ఎదురింటి అమెరికన్ దంపతులు కూడా. అందరూ ఒకే మాట, కొంచెమే పెడుతున్నామని. నిజంగానే ఎవరూ గుప్పెడుకి మించి పెట్టలేదు. బేసిన్ అడుగు కనబడితే విద్య లోపలికెళ్లి మళ్లీ నింపుకొచ్చింది. హాసిని ముప్పై ఎనిమిదిదాకా లెక్కపెట్టింది. అప్పుడెవరో పులిహోర ప్లేటు చేతిలో పెట్టారు. గౌరి మాత్రం పెట్టిందల్లా తినేసింది. ఆవుకి చాలు అనడం రాదు కదా.

ఫార్మ్‌కి తిరిగొచ్చాక, సాయంత్రానికి గౌరి మంద నుంచి విడిగా, తల దించుకుని నిలబడి ఉంది. నెమరు వేయడం లేదు. పళ్లు కొరుకుతోంది. రాధారాణి దాని పొట్ట మీద చెవి పెట్టి విని, లేచి నిలబడింది.

“ఏం పెట్టారు?”

“రైస్, బెల్లం, బనానాస్. కొంచెమే ఆంటీ.”

“నువ్వు చెప్పావా వద్దని?”

“చెప్పా. వినలేదు.”

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని హాసినికి అంతకుముందు తెలియదు. రాధారాణి డాక్టర్ కొవాల్‌స్కీకి ఫోన్ చేసింది. ఆ చుట్టుపక్కల పశువులన్నిటినీ చూసే ఆవిడ. డాక్టర్ హాసినిని ఫోన్‌లోకి రమ్మని, ఆవు ఎంత తిన్నదో అడిగింది. హాసిని ఇంగ్లిష్‌లో కూడా అదే చెప్పింది, కొంచెమేనని. పశువుల యజమానులు ‘కొంచెం’ అంటే దాన్ని మూడింతలు చేసుకోవాలని మొదటి సంవత్సరంలో ఒక లెక్చరర్ చెబితే క్లాసంతా విరగబడి నవ్వింది. హాసిని ముందు వరుసలో కూర్చుని నవ్వింది. డాక్టర్‌కి మాత్రం, చెబుతున్నది కాబోయే డాక్టర్ కాబట్టి, మూడింతలు చేసుకోవాలని తోచలేదు. యాసిడ్ తగ్గించే మందు పొడి నీళ్లలో కలిపి పట్టమంది, ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టొద్దంది, పొద్దునకి తేరుకోకపోతే పిలవమంది.

పొద్దున పాలు పితికే వేళకి గౌరి పడిపోయి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. డాక్టర్ వచ్చి, లావుపాటి గొట్టం నోట్లోంచి పొట్టలోకి దించి, బయటికి వచ్చిన నీళ్లలో, యాసిడ్ ఎంతుందో చూపే రంగు కాగితం ముంచింది. పుల్లటి వాసన కొట్టం అంతా పట్టింది. కాగితం చూసి హాసిని వైపు తిరిగింది. ఇది కొంచెం కాదు, నిజంగా ఎంత తిన్నది అని అడిగింది.

“రెండు పెద్ద బేసిన్లు. ఫార్టీ పీపుల్. ఇంకా ఎక్కువేమో,” అంది హాసిని. రాధారాణి ముఖం చూడలేకపోయింది.

డాక్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఈ మాట నిన్న సాయంత్రం తెలిసి ఉంటే అప్పుడే వచ్చి, పొట్ట కోసి తిన్నదంతా బయటికి తీసేసేదాన్నని, అప్పుడైతే బతికే అవకాశం ఉండేదని చెప్పింది. ఒక్కసారే చెప్పింది. తర్వాత రెండు గంటలు సెలైన్లు ఎక్కించింది, పొట్ట కడిగింది, గడ్డిని అరగదీసే సూక్ష్మజీవుల కోసం పక్క ఆవు పొట్టలోంచి తీసిన రసం కూడా పట్టించింది. పదకొండింటికి గౌరికి కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. ఇంక హింస వద్దంది రాధారాణి. డాక్టర్ ఇంజక్షన్ ఇస్తుంటే గౌరి తల ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. హాసిని సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడే ఉంది. అది ఖాళీ అయి చాలాసేపయింది.

చచ్చిపోయిన పశువుని చెక్కపొట్టు కుప్పలో పూడ్చి ఎరువు కానివ్వాలని ప్లాన్‌లో హాసిని రాసింది ఒకే ఒక్క లైను. ఆ లైను చెయ్యడానికి వాళ్లిద్దరికీ మధ్యాహ్నమంతా పట్టింది. పైన పొట్టు వేసేముందు రాధారాణి ఇంట్లోకెళ్లి పసుపు, కుంకుమ తెచ్చింది. అప్పటికే వాన మొదలైంది.

“కొంచెమని ఎందుకు చెప్పావమ్మా?” అని అడిగింది ఆ వానలోనే.

“భయమేసింది ఆంటీ. ఐ యామ్ సారీ.”

“సరేలే. చిన్నదానివి. నీకేం తెలుసు.” రాధారాణి పార నేలకి కొట్టి నిలబెట్టింది. “చెప్పినా వినని వాళ్లననాలి. డాక్టర్ చదివే పిల్ల నోరు తెరిచి వద్దంటే కూడా పెట్టారంటే, వాళ్లనేమనాలి?”

హాసిని పొట్టు ఎత్తుతూనే ఉంది.

సోమవారం పొద్దున తీగ జరిపితే ఒక్క ఆవు కదల్లేదు. పదమూడూ నిన్న మేసేసిన గడ్డిలోనే నిలబడి, అరుస్తూ, ఎవరో ముందు నడవాలన్నట్టు చూశాయి. ఇద్దరూ అటొకరు ఇటొకరు చేతులు చాచి, బతిమాలి, తోసి, గంటన్నరకి కొత్త ముక్కలోకి చేర్చారు. మంగళవారం కూడా అంతే. గౌరి నాలుగు నెలల దూడ మాత్రం వాటితో రాకుండా ట్రైలర్ దగ్గరే తిరిగింది. ప్లాన్‌లో గౌరి పేరున్న చోటల్లా హాసిని ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలింది. విద్య రెండుసార్లు ఫోన్ చేసింది. రాధారాణి ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం వంటింట్లో రాధారాణి కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు ఫోన్‌లో టైప్ చేసింది. ఫార్మ్ నుంచి పాలు తీసుకెళ్లే కుటుంబాలు, ఆవుని పిలిచిన కుటుంబాలు, అంతా కలిపి రెండొందలమంది ఉన్న వాట్సాప్ గ్రూప్. ఫోన్ హాసిని ముందుకి తోసింది.

“చదువు. ఇంగ్లిష్ సరిగ్గా ఉందా చూడు, పంపేస్తాను. ఇంక ఏ ఇంటికీ ఆవుని పంపేది లేదు. ఎందుకు పంపనో అందరికీ తెలియాలి.”

హాసిని చదివింది. ఇంగ్లిష్ బాగానే ఉంది. జితేందర్, విద్య అని పేర్లతో సహా ఉంది. వెటర్నరీ స్టూడెంట్ పదే పదే వద్దని చెప్పినా ఆ ఇంటివాళ్లు వినలేదని, వాళ్ల మూర్ఖత్వానికి గౌరి బలైపోయిందని ఉంది. మూర్ఖత్వం అనే మాటకి రాధారాణి వాడిన ఇంగ్లిష్ మాట ఇంకొంచెం గట్టిది. ఇది పంపితే విద్య రేపటినుంచి ఇండియన్ స్టోర్‌లోకి వెళ్లలేదు. కొత్త ఇంట్లో పండక్కి పదిమందిని పిలవలేదు. సరిగ్గా ఉంది ఆంటీ అనే ఒక్క మాట చాలు, తన సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

హాసిని ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఇది పంపకండి ఆంటీ. నేను చెప్పలేదు.”

“ఏంటి?”

“వాళ్లకి నేను చెప్పలేదు. స్టార్ట్ చేశాను, కానీ చెప్పలేదు. మొదటి గుప్పెడు నేనే పెట్టాను.” ఏడుపు వచ్చేసింది. అయినా ఆపలేదు. “అందరూ పెడుతుంటే నేను అక్కడే నిలబడి కౌంట్ చేశాను. వాళ్లు వినలేదు అని మీకు అబద్ధం చెప్పాను.”

రాధారాణి ఆ పిల్లని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం కన్నా హాసినికి భరించరానిదేదో ఉంది. నాలుగు రోజులుగా అన్నం పెడుతూ, నీ తప్పేం లేదని వీపు నిమిరిన మనిషి. చివరికి అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఫోన్ తీసుకుని, రాసిందంతా చెరిపేసి, విద్య నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి హాసిని చేతికిచ్చింది.

“ఆమెకి కూడా నువ్వే చెప్పు.”

విద్య మొదటి రింగ్‌కే ఎత్తింది. రాధారాణి అనుకుని, గౌరి ఫొటోలు బాగా వచ్చాయని, పెద్దది ఒకటి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడుతున్నామని గబగబా చెప్పుకుపోయింది. హాసిని ఆ మాటలు పూర్తికానిచ్చింది. తర్వాత, నేను హాసినిని ఆంటీ అని చెప్పి, గౌరి చచ్చిపోయిందని చెప్పింది. ఎలా చచ్చిపోయిందో చెప్పింది. బియ్యం గురించి, బెల్లం గురించి, పొట్ట గురించి, ఎర్రగీత గీసి రాసుకున్నదంతా చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా మింగలేదు. వద్దని చెప్పడానికే తనని పంపారని, చెప్పలేదని కూడా చెప్పింది.

అవతల జితేందర్ గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరని అడుగుతున్నాడు.

“మా చేతుల్తోనే చంపామా తల్లీ దాన్ని?” అంది విద్య.

హాసిని ఫోన్‌ని దగ్గరగా పట్టుకుంది.

“బేసిన్ రెండోసారి నింపుకొచ్చింది నేనే. నువ్వు పక్కనే ఉన్నావు.” విద్య గొంతులో తిట్టు లేదు. అర్థంకాక అడుగుతున్నట్టుంది. “ఆంటీ, ఇంక చాలు అని ఒక్క మాట అనుంటే లోపలికి తీసుకుపోయేదాన్ని కదమ్మా. నీ మాట కాదనేదాన్నా? అది చచ్చిపోతుందని నాకు తెలీదు. అక్కడున్న వాళ్లలో ఎవ్వరికీ తెలీదు. నీ ఒక్కదానికే తెలుసు.”

“అవునాంటీ,” అంది హాసిని. “నాకు తెలుసు.”